ఆటవెలదితో మొదలుపెట్టండి: తెలుగు పద్యాన్ని విడగొట్టడం, సొంతంగా ఒకటి కట్టడం ఎలా?

ఛందస్సు అనగానే చాలామంది విద్యార్థులకు టెన్షన్. ‘భ ర న భ భ ర వ’ అని బట్టీ పట్టడం, పరీక్షలో ఇచ్చిన పాదం కింద గుర్తులు పెట్టడం, ఆ తర్వాత మర్చిపోవడం. ఇది పిల్లల తప్పు కాదు. మనం నేర్పే వరుసే తిరగబడింది. ఇరవై అక్షరాల సంస్కృత వృత్తాలతో మొదలుపెట్టి, నాలుక మీద ఎప్పటినుంచో ఆడుతున్న దేశి పద్యాలను చివరికి తోసేస్తున్నాం. ఆటవెలదితో మొదలుపెట్టి చూడండి. గురువు, లఘువు, గణం, యతి అన్నీ దాంట్లోంచే అర్థమవుతాయి. ఈ వ్యాసం చదువుతూ పక్కన ఒక కాగితం, పెన్సిల్ పెట్టుకోండి. మీ సొంత పద్యం ఒకటి తయారు కావాలి.

మొదటి మెట్టు: గట్టిగా చదవండి

పద్యం చెవి కోసం పుట్టింది. కళ్లతో చూస్తూ గుర్తులు పెడితే సగం తప్పులు వస్తాయి. ముందు పాదాన్ని పైకి చదవండి. కొన్ని అక్షరాలు చిటిక వేసినంతలో అయిపోతాయి, కొన్నింటి దగ్గర నాలుక ఇంకాస్త ఆగుతుంది. ఒక చిటిక కాలాన్ని మాత్ర అంటారు. ఒక మాత్రలో పలికేది లఘువు, రెండు మాత్రలు పట్టేది గురువు. బడిలో లఘువుకు నిలువు గీత, గురువుకు గిన్నె ఆకారంలో గుర్తు పెడతారు. ఇక్కడ లఘువుకు ‘ల’, గురువుకు ‘గ’ అని రాస్తాను.

రెండో మెట్టు: గురువులను పట్టుకోండి

గురువులు ఏవో తెలిస్తే చాలు, మిగిలినవన్నీ లఘువులే. దీర్ఘాలు గురువులు: రా, చూ, పే, కో. ఐ, ఔ ఉన్నవీ గురువులే: రై, కౌ. సున్నా ఉన్నది, విసర్గ ఉన్నది గురువు. ‘వచ్చెన్’ లాంటి మాటల్లో పొల్లుతో ఆగే అక్షరమూ గురువే. ఇంతవరకు ఎవరూ పెద్దగా తడబడరు.

తడబడేదంతా ఒత్తుల దగ్గర. ఒత్తు ఉన్న అక్షరం గురువు కాదు, దాని ముందు అక్షరం గురువు. ‘అమ్మ’ అని పలకండి. ‘మ్మ’ అనడానికి ముందు ‘అ’ దగ్గరే గొంతు బరువు పడుతుంది. కాబట్టి అది గ ల. ఇప్పుడు ‘ప్రకృతి’ తీసుకోండి. ‘ప్ర’కు ఒత్తు ఉంది కదా అని గురువు పెట్టేస్తారు, ‘కృ’ చూసి ‘ప్ర’ను మళ్లీ గురువు చేస్తారు. రెండూ తప్పే. ‘ప్ర’ ముందు అక్షరమే లేదు. వట్రసుడి అచ్చు గుర్తు, ఒత్తు కాదు, కాబట్టి ముందు అక్షరాన్ని బరువెక్కించదు. ‘ప్రకృతి’ మొత్తం ల ల ల. ‘కృష్ణ’లో ‘కృ’ గురువే, కానీ అది వెనకున్న ‘ష్ణ’ వల్ల.

ఇంకొక చిక్కు మాటల మధ్య వస్తుంది. ‘ఒక ప్రశ్న’లో ‘క’ లఘువే. రెండు వేర్వేరు తెలుగు మాటల మధ్య మనం ఊపిరి తీసుకుంటాం, ఆ బరువు వెనక్కి రాదు. ‘జలప్రళయం’ ఒకే సమాసం, ఒక్క ఊపులో పలుకుతాం. అక్కడ ‘ల’ గురువు. రెండింటినీ పైకి పలికి చూస్తే ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన పనే ఉండదు.

మూడో మెట్టు: గణాలు

అక్షరాలను గుంపులుగా విడగొడితే గణాలు. మూడక్షరాల గణాలు ఎనిమిది. వాటికి పెద్దలు ఇచ్చిన తాళంచెవి ‘యమాతారాజభానసలగం’. ఏ గణం కావాలంటే ఆ అక్షరంతో మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకోండి. య గణం కావాలా? ‘యమాతా’, అంటే ల గ గ. ర గణం ‘రాజభా’, గ ల గ. న గణం ‘నసల’, ల ల ల. ఇలా ఎనిమిదీ వచ్చేస్తాయి. ఈ ఒక్కటి మాత్రం బట్టీ పట్టండి.

దేశి పద్యాలకు కావాల్సినవి సూర్యగణాలు, ఇంద్రగణాలు. సూర్యగణాలు రెండే: గ ల, ల ల ల. రెండూ మూడు మాత్రలే. ‘వాన’ అనండి, ‘చినుకు’ అనండి, పట్టే కాలం ఒకటే. ఇంద్రగణాలు ఆరు: ల ల ల ల (నల), ల ల ల గ (నగ), ల ల గ ల (సల), గ ల ల (భ), గ ల గ (ర), గ గ ల (త). ఇవి నాలుగు లేదా ఐదు మాత్రలవి. అయితే నాలుగైదు మాత్రలున్న ప్రతి గుంపూ ఇంద్రగణం కాదు. గ గ, ల గ ల, ల ల గ, ల గ గ ఇందులోకి రావు.

ఇక్కడ ఒక అందమైన సంగతి. మన రోజువారీ మాటలు చాలావరకు పుట్టుకతోనే సూర్యగణాలు: వాన, మబ్బు, నీరు, గట్టు, కప్ప, నారు, రైతు. ల ల ల కావాలంటే చెరువు, చినుకు, ఉరుము, మెరుపు, గొడుగు. వీటికి ‘లు’ చేర్చండి, ఇంద్రగణాలైపోతాయి. వాగు సూర్యగణం, వాగులు ఇంద్రగణం. చెరువు సూర్యగణం, చెరువులు ఇంద్రగణం. ఈ గణాలు తెలుగు మాటల నడకకు ఎంత దగ్గరివో దీన్నిబట్టే చూడండి.

నాలుగో మెట్టు: తెలిసిన పద్యాన్ని విప్పండి

ఆటవెలది లెక్క ఇది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. వేమన పద్యాల్లో ఎక్కువభాగం ఈ కొలతవే. మీకు కచ్చితంగా వచ్చిన పద్యం ఒకటి తీసుకుందాం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

చివరి పాదం నుంచి రండి, అది తేలిక. విశ్వ (గ ల), దాభి (గ ల), రామ (గ ల), వినుర (ల ల ల), వేమ (గ ల). ఐదు సూర్యగణాలు. గణం మాట దగ్గర ఆగదని గమనించారా? ‘విశ్వదాభిరామ’ ఒక్క మాట మూడు ముక్కలైంది. విద్యార్థులు మాటలను బట్టి విడగొట్టి ఇబ్బంది పడేది ఇక్కడే. గణానికి అర్థంతో పని లేదు, కాలంతోనే పని.

ఇప్పుడు మొదటి పాదం: ఉప్పు (గ ల), కప్పు (గ ల), రంబు (గ ల), నొక్కపో (గ ల గ), లికనుండు (ల ల గ ల). ‘పోలిక’ను నిలువునా కోశాం. మూడు సూర్యగణాలు, తర్వాత ర గణం, సల గణం. లెక్క సరిపోయింది. రెండో పాదం, మూడో పాదం మీరే చేయండి. మూడోదాంట్లో చివరి రెండు గణాలు నల, ర అని రావాలి.

ఐదో మెట్టు: యతి

పాదం మొదటి అక్షరానికి, మధ్యలో ఒక చోట ఉన్న అక్షరానికి స్నేహం కుదరాలి. అదే యతి. ఆటవెలదిలో ఆ చోటు నాలుగో గణం మొదటి అక్షరం. స్నేహమంటే అదే అక్షరం కానక్కర్లేదు. హల్లు వరసలోది కావాలి, అచ్చూ వరసలోది కావాలి. రెండూ కుదరాలి.

అచ్చుల వరసలు మూడు: అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఋ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. హల్లుల్లో క ఖ గ ఘ ఒకటి, చ ఛ జ ఝ శ ష స ఒకటి, ట ఠ డ ఢ ఒకటి, త థ ద ధ ఒకటి, ప ఫ బ భ ఒకటి. కాబట్టి ‘క’కు ‘గా’ సరిపోతుంది, ‘గి’ సరిపోదు. యతుల్లో ఇంకా చాలా రకాలున్నాయి, మొదటి పద్యానికి ఇవి చాలు.

వేమన పద్యానికే వెళ్దాం. మూడో పాదంలో పు, పు. నాలుగో పాదంలో వి, వి. మరి మొదటి పాదంలో ‘ఉ’కు ‘నొ’ ఎలా కుదిరింది? ఆ మాట ‘ఒక్క’. సంధి వల్ల నకారం వచ్చి చేరింది, లోపల ఉన్నది ‘ఒ’. ఉ, ఒ ఒకే జట్టు. యతి చూసేటప్పుడు సంధి విప్పి చూడాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండో పాదం ఇంకా బాగుంటుంది. ‘చూ’, ‘జా’. చ, జ ఒకే వరస, కానీ ఊ, ఆ వేర్వేరు జట్లు. యతి తప్పిందా? లేదు. ‘చూడ’, ‘జాడ’ చూడండి. రెండుచోట్లా రెండో అక్షరం ‘డ’. మొదటి అక్షరం కుదరనప్పుడు ఇలా రెండో అక్షరంతో కట్టుకోవచ్చు. దీన్ని ప్రాసయతి అంటారు. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో ఈ వెసులుబాటు ఉంది. వృత్తాల్లో, కందంలో లేదు. నాలుగు చిన్న పాదాల్లో మూడు రకాల యతి ఉన్న పద్యం మన నోట్లో ఇన్నేళ్లుగా ఉందన్నమాట.

ఆరో మెట్టు: మీ పద్యం

ముందు చెప్పదలచుకున్నది మామూలు వాక్యాల్లో రాయండి. వానాకాలం తీసుకుందాం. ‘వాన పడింది. వాగులు, చెరువులు నిండాయి. గట్టు మీద కప్పలు అరుస్తున్నాయి. రైతు నారు మోసుకుని మడికి వెళ్లాడు. ఇక రేపు అంతా పచ్చగా ఉంటుంది.’ ఇంతే విషయం. ఎక్కువ పెట్టుకోవద్దు, నాలుగు పాదాలకు నాలుగు బొమ్మలు చాలు.

మొదటి పాదం. ‘వాన’ గ ల, బాగుంది. ‘పడింది’ ల గ ల. అది సూర్యగణమూ కాదు, ఇంద్రగణమూ కాదు. మార్చాలి. ‘కురిసి’ ల ల ల. తర్వాత ‘నిండాయి’ గ గ ల, ఇంద్రగణం. మూడో చోట మనకు సూర్యగణం కావాలి కాబట్టి ‘నిండె’. నాలుగో గణం ‘వా’తో స్నేహం చేయాలి. ‘వాగులు’ మన దగ్గరే ఉంది! ‘వాన కురిసి నిండె వాగులు చెరువులు.’ గ ల, ల ల ల, గ ల, గ ల ల, ల ల ల ల.

రెండో పాదంలో ఐదూ సూర్యగణాలు. ‘కప్ప పాట పాడె చెరువు గట్టు’ అని రాశారనుకోండి. గణాలు సరిగ్గా ఉన్నాయి. యతి చూస్తే ‘క’కు ‘చె’. కుదరదు. ‘గట్టు’ను నాలుగో చోటికి తెస్తే ‘క’కు ‘గ’ దొరుకుతుంది: ‘కప్ప పాట పాడె గట్టు మీద.’ చెరువు మాట పోయింది, పోనివ్వండి, పై పాదంలో ఉంది కదా. చాలాసార్లు యతి మనల్ని ఇబ్బంది పెట్టి అనవసరపు మాటను తీయిస్తుంది.

మూడో పాదం ‘రైతు నారు మోసి’ అని మొదలుపెడితే నాలుగో గణానికి ‘రై’తో కలిసే మాట వెతకాలి. ‘రయమున నడిచెను’ అనవచ్చు, లెక్క కుదురుతుంది. కానీ రైతు వేగంగా నడిచాడని మనం అనుకోలేదు. ‘రయమున’ కేవలం యతి కోసం తెచ్చిన మాట. ఇలాంటి పూరకాలు పద్యాన్ని చంపేస్తాయి. దానికి బదులు ఉన్న మాటల వరుసే మార్చండి: ‘నారు మోసి రైతు నడిచెను మడులకు.’ నా, న. కొత్త మాట ఒక్కటీ తేలేదు.

నాలుగో పాదం: ‘పచ్చదనము రేపు పలకరించు.’ పచ్చ, దనము, రేపు, పలక, రించు. ప, ప. మొత్తం కలిపి చదవండి.

వాన కురిసి నిండె వాగులు చెరువులు
కప్ప పాట పాడె గట్టు మీద
నారు మోసి రైతు నడిచెను మడులకు
పచ్చదనము రేపు పలకరించు

‘నిండె’, ‘పాడె’, ‘నడిచెను’ పాత క్రియారూపాలు, పద్యంలో పొట్టి మాటలుగా పనికొస్తాయి. అంతకుమించి గ్రాంథికం అక్కర్లేదు. పద్యం కదా అని ప్రతి మాటకూ ‘ంబు’ తగిలించవద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పడాన్ని స్వభావోక్తి అంటారు, అదీ అలంకారమే. చివరి పాదంలో పచ్చదనాన్ని మనిషిలా పలకరించనిచ్చాం. మొదటి పద్యానికి అంత అలంకారం చాలు. ఉపమలు, రూపకాలు కావాలని తెచ్చిపెట్టకండి, అవసరమైతే అవే వస్తాయి.

ఇప్పుడు మీ ఊరి సంత మీదో, బడి బస్సు మీదో, అమ్మమ్మ ఇంటి మీదో రాయండి. ముందుగా ఆ విషయానికి సంబంధించిన సూర్యగణం మాటలన్నీ పేజీకి ఒక పక్కన రాసుకుంటే పని సగం అయినట్టే.

ఏడో మెట్టు: పక్కనున్న పద్యాలు

ఆటవెలది వచ్చాక తేటగీతి ఒక్క రోజు పని. ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటనే. సీసం పెద్దది: ప్రతి పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, నాలుగు పాదాలయ్యాక కింద తేటగీతో ఆటవెలదో తప్పకుండా ఉండాలి.

ద్విపద దగ్గర కాస్త ఆగండి, ప్రాస అక్కడ బాగా అర్థమవుతుంది. రెండు పాదాలు. ఒక్కోదాంట్లో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. యతి మూడో గణం మొదటి అక్షరం. పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస.

అమ్మ పెట్టిన ముద్ద యాకలి తీర్చె
కమ్మని మాటతో కలతలు మాపె

మొదటి పాదంలో అమ్మపె, ట్టినముద్ద, యాకలి, తీర్చె. సంధి విప్పితే ‘ఆకలి’, కాబట్టి అ, ఆ యతి. రెండో పాదంలో క, క. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ‘మ్మ’. ఒకచోట ద్విత్వం ఉంటే రెండోచోటా అదే ద్విత్వం ఉండాలి, ఒకచోట దాని ముందు సున్నా ఉంటే రెండోచోటా ఉండాలి. ప్రాసకు ముందున్న అక్షరం ఒకచోట గురువైతే రెండోచోటా గురువే. ప్రాస లేకుండా రాస్తే అది మంజరీ ద్విపద. పాల్కురికి సోమనాథుడు బసవపురాణం మొత్తాన్ని ద్విపదలో రాశాడంటే ఈ చిన్న కొలతకు ఎంత శక్తి ఉందో ఊహించుకోండి. రెండు ద్విపద పాదాలను కలిపితే తరువోజ పాదమవుతుంది. 848లో వేయించిన అద్దంకి శాసనంలో ఉన్నది ఆ తరువోజే. నన్నయ భారతం రాయడానికి దాదాపు రెండు వందల ఏళ్ల ముందే ఈ నడకను రాతి మీద చెక్కారు.

కందాన్ని తొందరపడి ముట్టుకోవద్దు. ‘కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు’ అని ఊరికే అనలేదు. గణాలన్నీ నాలుగు మాత్రలవే, పాదాలకు మూడు, ఐదు, మూడు, ఐదు చొప్పున వస్తాయి. కానీ రెండేసి పాదాల గణాలను కలిపి లెక్కపెడితే జ గణం బేసి చోట రాకూడదు, ఆరో గణం జ గాని నల గాని కావాలి, రెండు, నాలుగు పాదాలు గురువుతో ముగియాలి, ప్రాస తప్పదు. ఆటవెలదులు చేతికి అలవాటయ్యాక ప్రయత్నించండి.

ఎనిమిదో మెట్టు: వృత్తాలు, నాలుగు కాదు రెండే

పరీక్షకు ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం కావాలి. నాలుగింటినీ విడివిడిగా బట్టీ పడతారు. అవసరం లేదు. ఉత్పలమాల గణాలు భ ర న భ భ ర వ, ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం. ఇక్కడ వ అంటే ల గ. దీని మొదటి గురువును తీసి ఆ చోట రెండు లఘువులు పెట్టండి. చంపకమాల వచ్చేస్తుంది: న జ భ జ జ జ ర. ఒక అక్షరం పెరిగింది కాబట్టి ఇరవై ఒకటి, యతి కూడా ఒక అక్షరం జరిగి పదకొండు.

శార్దూలానికీ అంతే. మ స జ స త త గ, పందొమ్మిది అక్షరాలు, యతి పదమూడు. మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు పెడితే స భ ర న మ య వ, అదే మత్తేభం. ఇరవై అక్షరాలు, యతి పద్నాలుగు. కాగితం మీద గురులఘువులు రాసి ఒకసారి మీరే చేసి చూడండి. నాకు ఛందస్సులో బాగా ఇష్టమైన విషయం ఇదే. ప్రశ్నపత్రంలో పాదం ఇస్తే మొదటి మూడు అక్షరాలు చూడండి. గ ల ల అయితే ఉత్పలమాల, ల ల ల అయితే చంపకమాల, గ గ గ అయితే శార్దూలం, ల ల గ అయితే మత్తేభం. తర్వాత అక్షరాలు లెక్కపెట్టి, యతి చూసి ఖాయం చేసుకోండి. వృత్తాల్లో నాలుగు పాదాలకూ ప్రాస ఉండాలి.

కొలత లేని కవిత్వం సంగతి

గురజాడ ముత్యాలసరంలో గణాల పట్టింపు తగ్గి, మూడు, నాలుగు మాత్రల ఊపు మిగిలింది. వచన కవితలో ఆ లెక్కా లేదు. దాన్ని ప్రచారం చేయడానికే కుందుర్తి ఆంజనేయులు ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టారు. ఎన్. గోపి మొదలుపెట్టిన నానీలు నాలుగు పాదాల్లో ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలతో ముగుస్తాయి, విద్యార్థులకు మంచి సాధన. కొలత లేదు కాబట్టి వచన కవిత తేలిక అనుకోకండి. ఏ పంక్తి ఎక్కడ ఆగాలో అక్కడ చెవి ఒక్కటే చెప్పాలి. ఆటవెలదులు కట్టినవాళ్లకు ఆ చెవి వస్తుందని నా నమ్మకం.

సరిచూసుకోవడం

రాసిన పద్యాన్ని రెండు రోజులు పక్కన పెట్టి, మళ్లీ గట్టిగా చదవండి. నాలుక తడబడిన చోట గీత పెట్టండి. చాలాసార్లు గణం తప్పింది అక్కడే ఉంటుంది. తర్వాత గురులఘువులు, గణాలు, యతి, ఈ వరుసలో చూడండి. చేత్తో చేశాకే ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే ‘ఛందం’ సాఫ్ట్‌వేర్‌లో వేయండి. పద్యం ఏ ఛందస్సో, ఎక్కడ తప్పిందో చూపిస్తుంది. మీ లెక్కకు, దాని లెక్కకు తేడా వస్తే మీదే తప్పని వెంటనే ఒప్పేసుకోకండి. మాటల మధ్య ఒత్తుల దగ్గర, సంధి దగ్గర మరోసారి పలికి చూసుకుని, అప్పుడు మార్చండి. ఆ తర్వాత స్నేహితుడికి పద్యం వినిపించి, యతి ఎక్కడుందో కాగితం చూడకుండా చెప్పమనండి.